నూనె సీసా పక్కన బీపీ మిషను



ఈ వారం రాస్తున్నది సాక్ష్యం కాదు, ఒప్పుకోలు. ఇన్నేళ్లూ రాయడానికి చెయ్యి రాలేదు.

ఆరేళ్ల క్రితం ఒక శుక్రవారం, ఉపవాస కూడిక అయ్యాక మా సంఘంలోని ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. తొలి చూలు, ఎనిమిదో నెల. కాళ్లే కాదు, ముఖం కూడా ఉబ్బింది. రెండు రోజులుగా తలనొప్పి, కళ్లు మసకగా ఉన్నాయయ్యగారూ అంది. పక్కనున్న పెద్దమ్మలు, కడుపుతో ఉన్నప్పుడు నీరు పట్టడం మామూలేగా అన్నారు. నేనూ తలూపాను. నూనె రాసి, ప్రార్థన చేసి పంపించాను.

ఆ రాత్రి పదిన్నరకు ఆమె మామగారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను వెళ్లేసరికి ఆ పిల్ల మంచం మీద కొట్టుకుంటోంది. పళ్లు బిగుసుకుపోయాయి, నోట్లో నురగ. వాకిట్లో జనం. గాలి సోకిందన్నారు ఒకరు. సందెవేళ చింతచెట్టు కింద నుంచి వచ్చిందన్నారు ఇంకొకరు. అప్పుడు నేనేం చేశానో చెప్పాలి కదా. అపవిత్రాత్మ అనుకొని గద్దించాను. గొంతు పోయేలా గద్దించాను. మా సంఘంలోనే ఉన్న ఏఎన్ఎం సహోదరి వచ్చి, నన్ను భుజం పట్టి పక్కకు జరిపి, పిల్లను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, "108కి ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడిగింది. ఎవరూ చేయలేదు. అయ్యగారు ప్రార్థన చేస్తున్నారని ఆగారంట.

పీహెచ్‌సీలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ చేసి పెద్దాసుపత్రికి పంపారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. సమాధి దగ్గర యోబు గ్రంథం చదివింది నేనే. ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

నెల తర్వాత ఆ నర్సు సహోదరి మా ఇంటికి వచ్చి మెల్లగా చెప్పింది. "అయ్యగారూ, దీన్నే మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవారు. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే జాగ్రత్తపడాలి. ముఖం ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, డొక్కల కింద నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. మీ దగ్గరకు వచ్చినప్పుడే ఆ పిల్ల సగం చెప్పింది."

నిజమే, చెప్పింది. నేను వినలేదు. సెమినరీలో ఆదికాండము 35వ అధ్యాయం మీద ప్రసంగం తయారు చేశాను. దారిలో ప్రసవవేదనతో చనిపోయిన రాహేలు గురించి. బెనోని అన్న పేరు బెన్యామీను ఎలా అయిందో మూడు అంశాలుగా చెప్పేవాణ్ణి. ఆ చివరి గడియల్లో ఆమె పక్కన కూర్చుని భయపడకమ్మా అని ధైర్యం చెప్పిన మంత్రసాని మీద ఒక్క వాక్యం కూడా మాట్లాడిన గుర్తు లేదు.

అప్పటినుంచి ఒక పని పెట్టుకున్నాను. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు గారు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచీ ఉంది ఈ కార్యక్రమం. ఆ ముందు ఆదివారం ప్రకటనల్లో, చందాల సంగతి కంటే ముందే అది చెబుతాను. బీపీ, మూత్రం, రక్తం, షుగరు పరీక్షలన్నీ చేయించుకోండని పేరుపేరునా అడుగుతాను. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత అంటారని ఇప్పుడు మా యౌవనస్థులకు కూడా తెలుసు.

నిరుడు ఒక తమ్ముడు, "అయ్యగారూ, టిఫా స్కానింగ్ తీయించడం అవిశ్వాసమా? లోపం ఉందంటే మాత్రం ఏం చేస్తాం, దేవుడిచ్చిన బిడ్డే కదా అంటోంది అమ్మ" అని అడిగాడు. మంచి ప్రశ్నే. లోపం కనబడిన ఇంట్లో ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ సులువు కాదు. ఆ ఇంట్లో కూర్చుని ఏడవడం తప్ప నాకు వేరే వాక్యం దొరకని రోజులున్నాయి. అయినా తీయించమనే చెప్పాను. అయిదో నెలలో తీసిన ఆ స్కానింగ్‌లో బిడ్డ బాగానే ఉంది గాని మాయ కిందికి ఉందని తేలింది. నెలలు నిండేకొద్దీ చాలామందికి అది పైకి జరుగుతుందట. ఈమెకు 32 వారాలకు మళ్లీ తీసినా జరగలేదు. నొప్పులు వచ్చేదాకా ఆగితే ఇంట్లోనే రక్తం పోయేది. ముందే రోజు పెట్టుకుని, రక్తం సిద్ధం చేసుకుని ఆపరేషన్ చేశారు. మా కుర్రాళ్లు ఇద్దరు రక్తం ఇచ్చారు. అమ్మ, ఆ పెద్దావిడే, మనవరాలిని ఎత్తుకుని గుడికి తెచ్చింది. స్కానింగ్ మాట మాత్రం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు శుక్రవారాల్లో ప్రార్థన బల్ల మీద నూనె సీసా పక్కన బీపీ మిషను కూడా ఉంటుంది. సంఘం డబ్బుతోనే కొన్నాం. నర్సు సహోదరి బల్ల దగ్గరే కూర్చుంటుంది.

మొన్నటి శుక్రవారం ఆ మొదటి అమ్మాయే వచ్చింది. మళ్లీ అయిదో నెల. ఒకసారి గుర్రపు వాతం వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుందని డాక్టరమ్మ మూడో నెల నుంచే రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తోంది. కాల్షియం బిళ్లలూ ఉన్నాయి. నేను కార్డు అడిగేలోపే చేతిలో పెట్టింది.

"బీపీ చూపించుకునే వచ్చానయ్యగారూ, 118/76 ఉంది. ఇప్పుడు ప్రార్థన చేయండి" అంది.

నా చెయ్యి వణికింది. ఆ రోజు ప్రార్థన చిన్నగానే చేశాను.