సాంచాల ఊళ్లో బాబిన్ పాఠం

హైదరాబాద్ నుంచి వేములవాడ రాజన్న దర్శనానికి వెళ్లేవాళ్లలో చాలామంది సిరిసిల్లను బస్సు కిటికీలోంచే చూస్తారు. జేబీఎస్‌లో ఎక్కిన బస్సు సిద్దిపేట దాటి, తంగళ్లపల్లి దగ్గర మానేరు వంతెన మీదుగా ఊళ్లోకొస్తుంది. బస్టాండులో కాసేపు ఆగి మళ్లీ కదిలిపోతుంది. గుడి ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్లే కాబట్టి దిగాలని ఎవరికీ తోచదు. ఒక్కపూట దిగి చూడండి. మన ఒంటిమీది బట్టలో మనం ఎప్పుడూ పట్టించుకోని ఒక సంగతి ఈ ఊరు చూపిస్తుంది.

బి.వై. నగర్ వైపు నడిస్తే దారి అడగాల్సిన పనిలేదు. టకటకమనే చప్పుడే తీసుకెళ్తుంది. అవి సాంచాలు. మరమగ్గం అనే మాట ఇక్కడ ఎక్కువగా కాగితాల్లోనే ఉంటుంది, జనం నోట మాత్రం సాంచాయే. సేటు దగ్గర నూలు తెచ్చుకుని, తన సాంచాల మీద నేసి, మీటరుకు ఇంత అని తీసుకునేవాణ్ని ఆసామి అంటారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్న ఊరిది. పనిలేక, అప్పులు తీర్చలేక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న రోజుల్లో 'ఉరిసిల్ల' అనిపించుకున్న ఊరు కూడా ఇదే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక సాంచాలకు కొంత ఊపిరొచ్చింది. ఆర్డరు ఉన్నప్పుడు రాత్రీపగలూ చప్పుడే. లేనప్పుడు ఆ నిశ్శబ్దం ఇక్కడివాళ్లకు భయం పుట్టిస్తుంది.

నాడె కడుపులో కండె

ఆసామిని అడిగి ఒక షెడ్డులోకి వెళ్లాం. నిలువు పోగుల మధ్య నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దూసుకుపోతోంది. నాడె కడుపులో కండె ఉంటుంది. అడ్డపోగు దాన్నుంచే వస్తుంది. కండె అయిపోతే సాంచా ఆగిపోతుంది. కార్మికుడు పరుగున వచ్చి ఇంకో కండె పెట్టి నడిపిస్తాడు. ఒక్కొక్కరు ఎన్నో సాంచాలు చూసుకోవాలి, అందుకే కాలు నిలిచే పని కాదు.

ఆ కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. చేమగ్గాల కాలంలో ఇంట్లో రాట్నం ముందు కూర్చుని చుట్టేవారు. ఇప్పుడు మోటారుతో తిరిగే మిషన్ మీద ఒకేసారి చాలా కండెలు చుడతారు. మూలన కూర్చున్న ఒక పెద్దమ్మ చేతిలోకి ఒక కండె తీసుకుని బొటనవేలితో నొక్కి చూసింది, పక్కన పెట్టేసింది. ఏమైందని అడిగాను.

"మెత్తగున్నది బిడ్డా. గిట్ల మెత్తగుంటే నాడెల వరుసలు జారిపోతయ్. దారం చిక్కువడ్తది. లావైతేనేమో నాడెల ఇరుకుతది. పోగు తెగుతది. తెగితే సాంచా ఆగుతది. సాంచా ఆగితే పైసలు ఆగుతయ్" అంది.

నేసిన బట్టలో కండె ఎక్కడా కనబడదు. అది సరిగ్గా లేకపోతే మాత్రం బట్ట అడ్డంగా చెప్పేస్తుంది.

మగ్గం నుంచి మిషన్‌లోకి

ఈ నాడెకూ కుట్టుమిషనుకూ దగ్గర చుట్టరికం ఉంది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంట్ తీసుకున్న కుట్టుమిషన్‌లో మొన దగ్గరే కన్నం ఉన్న సూది, బట్టకు రెండోవైపు ఒక చిన్న నాడె ఉండేవి. సూది పైదారాన్ని బట్టలోంచి అవతలికి దింపి ఒక ఉచ్చులా వదిలితే, నాడె తన దారాన్ని తీసుకుని ఆ ఉచ్చులోంచి దూరిపోయేది. మగ్గం మీద నాడె చేసే పనే, కాకపోతే చిన్న చోటులో. 1851లో అలెన్ విల్సన్ గుండ్రంగా తిరిగే కొక్కేనికి పేటెంట్ తీసుకున్నాడు. క్రమంగా నాడె అటూ ఇటూ పరుగెత్తడం మానేసింది. ఇప్పుడు దారమున్న గుండ్రటి బాబిన్ ఒకచోట కూర్చుంటుంది, కొక్కెం పైదారాన్ని పట్టుకొచ్చి దాని చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ బట్ట మందం మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటే కుట్టు పడినట్టు.

మన ఇళ్లలో దారం రీలును దారపు కండె అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట ఊరికే రాలేదు.

బట్ట ఇచ్చేముందు బాబిన్

షెడ్డుకు నాలుగు సందుల అవతల ఒక పెద్ద గదిలో మహిళా సంఘం వాళ్లు యూనిఫారాలు కుడుతున్నారు. సర్కారు బడి పిల్లల యూనిఫారం బట్ట సిరిసిల్లలో నేస్తారు. కుట్టుపని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. అంటే సాంచా మీది బట్ట ఊరు దాటకుండానే కుట్టుమిషన్ మీదికి చేరే అవకాశం ఉంది. పెద్దూరు దగ్గర అపెరల్ పార్క్ వచ్చాక కుట్టు నేర్చుకుంటామని వచ్చే అమ్మాయిలూ పెరిగారని అక్కడివాళ్లు చెప్పారు.

నేర్పే అక్క కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజు బట్ట ఇవ్వదు. బాబిన్ ఇస్తుంది. "సూది, కత్తెర అందరికీ కనబడతయి. గిదెవ్వలికీ కనబడది. అందుకే గిది ముందు" అంది. ఆమె చూపించినదంతా మనింట్లో ఉండే నల్లటి కాలిమిషన్ మీదే.

ముందు బాబిన్ మీద మిగిలిన పాత దారం మొత్తం తీసేయాలి. పాతదాని మీదే కొత్తది చుడితే కిందపొర జారి దారం ఎగుడుదిగుడుగా వస్తుంది. తర్వాత ఎడమచేత్తో చక్రాన్ని గట్టిగా పట్టుకుని, దాని మధ్యలో ఉన్న గుండ్రటి మరను కుడిచేత్తో మనవైపు తిప్పి వదులు చేయాలి. అప్పుడు చక్రం తిరిగినా సూది కదలదు. దీన్ని వదిలేసి సూది ఆడుతుండగానే బాబిన్ చుట్టేవాళ్లు చాలామంది. సూదికి దారం ఎక్కించి ఉంటే కింద చిక్కు పడుతుంది. పాదం కింద బట్ట లేకపోతే పళ్లు ఉత్తినే అరుగుతాయి.

ఇక దారం నడిచే దారి. పైన పుల్లకు పెట్టిన రీలు నుంచి దారం నేరుగా బాబిన్‌కు రాకూడదు. మిషన్ పీట మీద కుడివైపు మూలన రెండు చిన్న బిళ్లలు అంటుకుని ఉంటాయి. దారం వాటి మధ్యలోంచి వెళ్లి, అక్కణ్నుంచి పైకి బాబిన్‌కు రావాలి. దారానికి బిగువు ఇచ్చేది ఆ బిళ్లలే. ఒక కొత్తమ్మాయి వాటిని వదిలేసి వేలితో దారం పట్టుకుని చుడుతుంటే అక్క ఆపింది.

"నీ ఏలు ఒక్కపారి గట్టిగ వడతది, ఒక్కపారి ఒదులుతది. బిళ్లలకు గా అలసట లేదు" అంది.

దారం కొసను బాబిన్ పక్కనున్న కన్నంలోంచి, లోపలి నుంచి బయటికి తీసి, దాన్ని పట్టుకుని ఉండాలి. చుట్టే భాగాన్ని కిందికి నొక్కితే దాని రబ్బరు రింగు చక్రానికి ఆనుతుంది. మెల్లగా తొక్కాలి. అయిదారు చుట్లు పడ్డాక ఆపి, బయటికి పొడుచుకొచ్చిన కొసను మొదలంటా కత్తిరించాలి. ఆ కొస అలాగే వదిలితే డబ్బా లోపల రాసుకుంటూ బాబిన్‌ను పట్టి పట్టి ఆపుతుంది. అక్కడి నుంచి ఒకే వేగంతో తొక్కుతూ పోవాలి. పాలిస్టర్ దారమైతే ఈ మాట ఇంకా ముఖ్యం. వేగంగా చుడితే అది సాగుతుంది, సాగినట్టే చుట్టుకుంటుంది. బట్టలో కుట్టుగా పడ్డాక తన అసలు పొడవుకు ముడుచుకుంటుంది. దాంతో కుట్టు వెంట బట్ట కుచ్చులు పడుతుంది. ఇస్త్రీ పెట్టినా ఆ కుచ్చు పోదు.

అంచుకు కాస్త కిందే ఆపేయాలి. దారం అంచు దాటిందంటే బాబిన్ డబ్బాలో సాఫీగా తిరగదు. చివరగా, వదులు చేసిన చక్రం మరను మళ్లీ బిగించాలి. ఇది మరిచిపోతే కాలు ఆడుతుంటుంది, సూది మాత్రం కదలదు. మిషన్ పాడైందని మెకానిక్‌కు ఫోన్ చేసేవాళ్లలో కొందరి సమస్య ఈ మరేనట.

చుట్టాక చేత్తో చూడాలి. బొటనవేలితో నొక్కితే దారం గట్టిగా ఉండాలి, స్పాంజిలా దిగిపోకూడదు. పొర చదునుగా ఉండాలి. ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా వస్తుంటే ఆ రెండు బిళ్లలను పట్టి ఉంచే పట్టీ మరను వదులు చేసి, సన్నగా ఉన్నవైపు కొద్దిగా జరపాలి. అసలు బాబినే తిరగకుండా జారుతుంటే రబ్బరు రింగు చూడాలి. అది అరిగిపోయి ఉంటుంది, లేదా దానికి నూనె అంటి ఉంటుంది. మిషన్‌కు నూనె వేసేటప్పుడు ఈ రింగును మాత్రం పొడిగా ఉంచాలి.

బాబిన్‌ను డబ్బాలో పెట్టేటప్పుడు దారం ఎటు తిరగాలో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. దారం చీలికలోంచి వెళ్లి, సన్నటి రేకు కింద నుంచి బయటికి రావాలి. ఆ దారం కొస పట్టుకుని డబ్బాను గాల్లో వేలాడదీస్తే అది నిలబడాలి. చేతిని చిన్నగా జాడిస్తే కొద్దిగా దిగి ఆగాలి. సర్రున జారిపోతే రేకు వదులు, జాడించినా కదలకపోతే బిగువు. ఆ రేకు మీది చిన్న మరను ఒక్కసారి తిప్పేటప్పుడు పావు చుట్టు కంటే తక్కువే తిప్పాలి.

విప్పుడు కూలి ఎవరిస్తారు?

ఇంత చిన్న పనికి ఇంత పాఠం ఎందుకంటారా? ఇక్కడ కూలి జతకు ఇంత అని లెక్క. బడులు తెరిచేలోపు యూనిఫారాలు అందాలి కాబట్టి ఎండాకాలమంతా ఉరుకులే. కుట్టు బాగా పడని జత వెనక్కొస్తుంది. దాన్ని విప్పి మళ్లీ కుట్టాలి. విప్పినందుకు కూలి లేదు. బాబిన్ చుట్టడానికి పట్టేది రెండు నిమిషాలు. అది సరిగ్గా లేకపోతే నిక్కరు కుట్లన్నీ విప్పడానికి పూట గడిచిపోతుంది. ఆ నిక్కరు తొడుక్కుని పిల్లాడు గోడ దూకినప్పుడు పుటుక్కుమంటే, మాట పడేది కుట్టినావిడే.

తప్పు ఎక్కడుందో పట్టడం కూడా అక్క నేర్పుతోంది. బట్ట కిందివైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే అందరూ బాబిన్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు పైదారానిది. అది బిగువు బిళ్లల మధ్య సరిగ్గా కూర్చోకపోవడం వల్లే కింద ఉచ్చులు పడతాయి. కిందిదారం బట్ట పైకి లాగినట్టు కనబడితే పైబిగువు ఎక్కువైందని, లేదా కిందిది మరీ వదులుగా ఉందని అర్థం. ఒకే కుట్టులో జానెడు బాగుండి, జానెడు పాడై, మళ్లీ బాగుంటే మాత్రం ముందు బాబిన్ తీసి చూడాలి. చుట్టడంలో ఉన్న ఎగుడుదిగుడే అక్కడ బట్ట మీదికి వస్తుంది. అప్పుడు మరలు తిప్పుతూ కూర్చుంటే సమస్య ఇంకా ముదురుతుంది. బాబిన్ మొత్తం విప్పి మళ్లీ చుట్టుకోవడమే మంచిది.

ఆ గదిలో నడివయసు ఆడవాళ్లు కూడా ఉన్నారు. కొందరు బీడీలు చుట్టినవాళ్లు, కొందరు ఏళ్ల తరబడి కండెలు చుట్టినవాళ్లు. కండెలు చుట్టిన చేయికి బాబిన్ తేలికేనా అని అడిగితే ఒకామె నవ్వింది.

"బిగువు తెలుస్తది. అది చేతిలనే ఉన్నది. గని కండె ఏరు, బాబిన్ ఏరు. కండె నాడెల కదలకుంట ఉంటది, దారం కొస నుంచి ఊడొస్తది. అందుకే దాన్ని ఒక దిక్కు నుంచి కొంచెం కొంచెం నింపుకుంట పోతం. బాబిన్ అట్ల కాదు, అదే తిరుగుకుంట దారం ఇస్తది. ఈ అంచు నుంచి ఆ అంచు దాంక సమానం ఉండాలె. నాకు గది అలవాటయ్యేటందుకు వారం వట్టింది" అంది.

వారం రోజుల్లో ఒక పని చేయి ఇంకో పని చేయిగా మారడం వినడానికి మామూలుగానే ఉంది. సాంచాలు ఆగిన నెలల్లో ఇల్లు గడిపినది ఆ వారమే అని ఆమె పక్కనున్నావిడ అంది. కండెలు చుట్టడం పెద్దపనికి పక్కపని. నేసినవాడి పేరు బట్టకు వస్తుంది, కుట్టినావిడ పేరు చొక్కాకు వస్తుంది. చుట్టినవాళ్ల పేరు దేనికీ రాదు. అయినా ఆ గదిలో ప్రతి పని అక్కడి నుంచే మొదలవుతోంది.

వెళ్లాలనుకుంటే

ఉదయం పూట వెళ్లండి. మధ్యాహ్నానికి రేకుల షెడ్లలో ఉక్కపోత తట్టుకోలేం. ఆసామిని అడగకుండా లోపలికి వెళ్లొద్దు, అడిగితే కాదనేవాళ్లు తక్కువే. తిరిగే బెల్టుల దగ్గర చున్నీ, కొంగు జాగ్రత్త. ఫొటో తీసేముందు పనిచేస్తున్నవాళ్లను ఒకమాట అడగండి. సాంచాల దగ్గర మాట వినబడదు, సైగ చేసినా చాలు. నేసేవాళ్లతో పాటు కండెల మిషన్ దగ్గర కూర్చున్నవాళ్లతోనూ రెండు నిమిషాలు మాట్లాడండి.

మీ ఇంట్లో మూలన పడ్డ కుట్టుమిషన్ ఉంటే, దాన్ని అమ్మేసేముందు ఒకసారి మూత తీసి బాబిన్ బయటికి తీయండి. ఎప్పటివో మూడు రంగుల దారాలు ఒకదాని మీద ఒకటి చుట్టి కనబడవచ్చు. వాటిని పూర్తిగా తీసేసి, రింగు తుడిచి, కొత్త దారాన్ని బిళ్లల మధ్య నుంచి నిదానంగా చుట్టి చూడండి. పాత గుడ్డ మీద రెండు వరుసలు కుట్టండి. చాలా మిషన్లకు కావాల్సింది అంతే.