సుంకి ఘాటు దిగేముందు

కోరాపుట్ నుంచి సాలూరు పెళ్లికి పాత డీజిలు జీపులో బయలుదేరాం. సెమిలిగూడలో ఇంజను ముందువైపు గలగలమని చప్పుడు. "ఘాటు దిగాక చూద్దాం" అన్నాడు డ్రైవరు. షెడ్డు మేస్త్రి ఒప్పుకోలేదు. ఆయనది లారీల ఊరు సాలూరే.

"అది టైమింగు చైను బాబూ. క్యామ్‌షాఫ్టునూ, డీజిలు పంపునూ తిప్పేది అదే. పిన్నులు అరిగి సాగితే స్టార్టు కష్టం, పొగ ఎక్కువ. తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఘాటులో ఇంజను ఆగితే బ్రేకు బరువెక్కుతుంది."

కొత్త చైను కొసను పాతదానికి లింకుతో కలిపి, క్రాంకును చేత్తో మెల్లగా తిప్పుతూ, పన్ను తప్పకుండా లోపలికి పంపాడు. టెన్షనరు మార్చాడు. గుర్తులు రెండుసార్లు సరిచూశాడు.

ముహూర్తం దాటిపోయింది. సుంకి మలుపుల్లో లోయను చూస్తూ దిగుతుంటే, ఆ గలగల వినబడకపోవడమే మాకు మంగళవాద్యం.