మామ కారు.. డిక్కీలో సముద్రం

బయటివాళ్ల దగ్గర పాత కారు కొనడం తేలిక. బానెట్ తెరవమంటాం, టైర్లు కాలితో తన్ని చూస్తాం, నచ్చకపోతే ‘మళ్లీ ఫోన్ చేస్తానన్నా’ అని జారుకుంటాం. ఆ ఫోన్ ఎప్పటికీ రాదని అమ్మేవాడికీ తెలుసు. మేనమామ దగ్గర అలా జారుకునే దారి లేదు. వచ్చే పండక్కి మళ్లీ ఆయన ఇంట్లోనే విస్తరి ముందు కూర్చోవాలి.

మా మామది జువ్వలదిన్నె. 2024 ఆగస్టులో ఫిషింగ్ హార్బర్ ప్రారంభమయ్యాక ఆ పేరు కాస్త వార్తల్లో వినపడుతోంది గానీ, అంతకుముందు ఎవరైనా అడిగితే ‘బిట్రగుంట నుంచి సముద్రం వైపు పోవాలి’ అని చెప్పేవాళ్లం. మామ పడవల దగ్గర చేపలు కొని కావలి, నెల్లూరు పంపిస్తాడు. సరుకు వ్యాన్లలో పోతుంది, వెనకాలే వసూళ్లకి మామ కార్లో పోతాడు. తెల్ల స్విఫ్ట్ డిజైర్, డీజిల్, 2013 మోడల్, ఏపీ 26 నంబరు. వీధిలో ఎవరికి పురిటి నొప్పులొచ్చినా, ఎవరికి గుండె పట్టేసినట్టున్నా అర్ధరాత్రి తట్టేది ఆయన తలుపే. నా పెళ్లికి నేను ఊరేగిందీ ఆ కార్లోనే. మా పాప ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిందీ అందులోనే.

మీటరు మీద 2,31,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు కదా, అంటే దాదాపు ఆరు చుట్లు. ఇంతా తిరిగి అది చూసిన దూరపు ఊళ్లు రెండే, చెన్నై, తిరుపతి.

పోయినేడు సంక్రాంతికి మామ ఉన్నట్టుండి కారు అమ్మేస్తానన్నాడు. ‘రాత్రిపూట ఎదురు లైట్లు పడితే రోడ్డు కనపడటం లేదబ్బయ్యా. ఎవుర్నో ఒకర్ని గుద్దకముందే ఆపేస్తా’ అన్నాడు. ఆయన కొడుకు బెంగళూరులో కొత్త కారు కొనుక్కున్నాడు, ఇది వద్దన్నాడు. నేను కావలిలో ఉద్యోగం. పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, వెనకాల మా ఆవిడ, మధ్యలో సంచీ, మిట్ట మధ్యాహ్నం హైవే మీద బైకు నడిపిన వాళ్లకి తెలుస్తుంది నాకు ఆ మాట ఎంత తియ్యగా వినపడిందో. ‘నేను తీసుకుంటా మామా’ అన్నాను. ‘రెండు అరవై ఇయ్యి’ అన్నాడు. అంతే. మా అమ్మ అప్పుడే కళ్లు తుడుచుకుంటూ, ‘కారు మనింట్లోనే ఉంటుంది’ అంది.

ఇంటికొచ్చాక నాకు భయం పట్టుకుంది. రెండు లక్షల అరవై వేలు నాకు చిన్న డబ్బు కాదు. ఆఫీసులో చెబితే అందరూ మీటరు దగ్గరే ఆగిపోయారు. ‘రెండు లక్షలు దాటిందా? ఇంజిన్ పోతుంది, వద్దు!’

నిజానికి నేను చదివి తెలుసుకున్నంతలో ఆ బండికి ఇంజిన్ గురించి అంత బెంగ అక్కర్లేదు. ఆ 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ ఫియట్ వాళ్లది. లైసెన్సు తీసుకుని మారుతి ఇక్కడే తయారు చేసింది. అదే ఇంజిన్ టాటా కార్లలోనూ వచ్చింది, అందుకే దాన్ని సరదాగా ‘జాతీయ ఇంజిన్’ అనేవాళ్లు. బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ నుంచి, మారుతి డీజిల్ కార్లే మానేసింది. ఇందులో టైమింగ్ బెల్టు కాదు, చైను ఉంటుంది. వేళకి ఆయిల్ మారుస్తూ వాడితే రెండు లక్షలు దాటిన బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద బోలెడు కనపడతాయి. మామ అన్నం తినడమైనా మర్చిపోతాడు గానీ ఆయిల్ మార్చడం మర్చిపోడు. పైగా హైవే మీద నాలుగో గేరులో, అయిదో గేరులో సాగిన కిలోమీటరూ, కావలి ట్రంకు రోడ్డులో క్లచ్చి తొక్కుతూ పాకిన కిలోమీటరూ ఒకటి కావు. మీటరు రెంటినీ ఒకేలా లెక్కపెడుతుంది.

నా భయం వేరే. ఆ కారు పన్నెండేళ్లుగా సముద్రానికి పిలుపు దూరంలో పడుకుంటోంది. ఉప్పుగాలి తేమని పీల్చి ఇనుము మీద కూర్చోబెడుతుంది. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, లోపల తినేస్తూ ఉంటుంది. తీరం ఊళ్లలో కిటికీ ఊచలు చూస్తే చాలు. మెకానిక్‌కి చూపించాలి. కానీ ‘మామా, నీ కారు మెకానిక్‌కి చూపించాలి’ అని ఏ మొహం పెట్టుకుని అడగను?

అడగలేదు. అబద్ధం ఆడాను. ‘పాపకి పెంచలకోన చూపిస్తాం, ఒక రోజు కారు ఇయ్యి మామా’ అన్నాను. మామ డీజిల్ కొట్టించి మరీ ఇచ్చాడు. నేను పోయింది కావలిలో ఒక మెకానిక్ షెడ్డుకి.

ఆ భాయ్ పని చేసే పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందు చల్లటి ఇంజిన్ మీద చేయి పెట్టి చూశాడు, మనం వచ్చేముందే వేడి చేసి ఉంచలేదు కదా అని. ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత ఎగతన్నుతోందో చూశాడు. నడిపి చూసి ‘క్లచ్చి పై నుంచి పట్టుకుంటా ఉంది, ఆరు నెలలు’ అన్నాడు. తర్వాత తలుపుల బీడింగ్ రబ్బరు లాగి లోపల వేలితో తడిమాడు. తలుపుల అడుగు అంచులు చూశాడు. కింద దూరి స్క్రూడ్రైవర్ పిడితో టక్ టక్ మని కొట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు టంగ్ మంటుంది, తుప్పు తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. ఎక్కడా పెద్దగా తేడా లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి డిక్కీ తెరిచి, చాప ఎత్తి, స్టెప్నీ బయటికి తీశాడు.

స్టెప్నీ కూర్చునే గుంటలో రేకు ముదురు బెల్లం రంగులో ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించగానే అప్పడంలా విరిగింది. చిల్లులోంచి షెడ్డులో నేల కనపడింది. భాయ్ చాక్‌పీస్‌తో చుట్టూ గీత గీశాడు. ‘ఇది గాలికి తిన్నది కాదన్నా. గాలికైతే కింద నుంచి తింటది. ఇది పై నుంచి తిన్నది. ఉప్పు నీళ్లు కారినాయి. ఏం తోలినారు ఇందులో?’

ఏం తోలారో నాకు తెలుసు.

ఏళ్ల తరబడి, నెలకి రెండు మూడు ఆదివారాలు ఆ డిక్కీ మా ఇంటి ముందు తెరుచుకుంది. థర్మకోల్ పెట్టె, ఐసు, అందులో వంజరం ముక్కలో, చందువాలో, రొయ్యలో. ఐసు కరిగి ఆ నీళ్లు పెట్టె అంచుల నుంచి కారుతుంటే నేనే పెట్టె ఎత్తుకుని లోపలికి తీసుకుపోయేవాణ్ణి. అమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టేది. ఆ తర్వాత మామ అదే పెట్టెలో ఇంకోటి నెల్లూరు పెద్దమ్మకి, ఇంకోటి ఎప్పుడైనా తిరుపతి పిన్ని వాళ్లకి. మామ కారుని తిన్నది జువ్వలదిన్నె గాలి కాదు. మేము.

‘టింకరింగ్, కొత్త రేకు వెల్డింగ్, పెయింట్ కలిపి పదిహేను వేలు. క్లచ్చి పదకొండు. ఇరవై ఆరు తగ్గించి అడుగన్నా’ అన్నాడు భాయ్.

సాయంత్రం కారు తిరిగిచ్చేశాను. కోన బాగుందా అని అత్త అడిగితే బాగుందన్నాను. రాత్రి మామ ఫోన్ చేశాడు. ‘డిక్కీలో చాక్‌పీస్ గీత ఎవురు గీసినారబ్బయ్యా?’

గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది. నేను నసుగుతుంటే వెనక నుంచి అత్త గొంతు స్పష్టంగా వినపడింది. ‘చేపలు దించుకునేటప్పుడు కనపడలేదంట్నా తుప్పు?’

ఆ తర్వాత మూడు ఆదివారాలు మా ఇంటికి చేపలు రాలేదు. మా అమ్మ నాతో పాప ద్వారా మాట్లాడింది. ‘నాన్నని అన్నం తినమను’ అంటే, రెండేళ్ల పిల్ల వచ్చి ‘అన్నం’ అనేది. మా ఆవిడ మాత్రం ‘చూపించడం తప్పు కాదు. కోన అని చెప్పడం తప్పు’ అంది. ఈ గొడవ మొత్తం మీద సరైన మాట ఆవిడ ఒక్కతే అంది, నాకు మాత్రం అప్పుడు ఒళ్లు మండింది.

నాలుగో ఆదివారం బైకు మీద నేనే జువ్వలదిన్నె పోయాను. మామ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ‘మామా, అబద్ధం చెప్పాను. డబ్బులు పెద్ద మొత్తం కదా, భయమేసింది’ అన్నాను. ఇంకా ఏదేదో అనుకుని పోయాను గానీ అంతకంటే రాలేదు.

‘అడిగుంటే నేనే చూపిచ్చేవాణ్ణి గదా’ అన్నాడు. లేచి, లుంగీ ఎగ్గట్టుకుని, కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎడమ వైపు జాకీ పెట్టే చోటు వేలితో చూపించాడు. అక్కడా రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. ‘మీ మెకానిక్ ఇది చూసినాడా?’

చూడలేదు.

‘ఏసీ గ్యాసు రెండేళ్లకోసారి పట్టియ్యాల. కుడి పక్క వెనకాల అద్దం సగంలో ఆగిపోతాది, చేత్తో లాగాల. 2028 ఆగస్టుకి పదిహేనేళ్లు నిండతాయి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాల, దానికి ఫీజే అయిదు వేలు. ఇంకేం అడగాలనుకున్నావో అడుగు’ అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి వింటోంది.

నేను కాగితం మీద 15, 11 రాసి చూపించాను. మామ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘క్లచ్చి నేను తొక్కి అరగదీసింది. అది నాది. రేకులో సగం నాది, సగం మీది’ అన్నాడు. ‘సగం ఎట్టా? తిరపతోళ్లు తిన్లా?’ అంది అత్త. ఎవరూ నవ్వలేదు, తర్వాత ముగ్గురం నవ్వాం. పదకొండు వేలు, ఏడున్నర వేలు పోగా 2,41,500. జాకీ చోటు ఖర్చు నేను భరిస్తానన్నాను. ఇప్పటికీ మా అమ్మ దృష్టిలో నేను సొంత మామ దగ్గర చేపల పులుసుకి బిల్లు వసూలు చేసినవాణ్ణే.

అక్కడితో అయిపోయిందనుకున్నా. డబ్బు ఫోన్‌లోనే పంపించి తాళం కోసం చేయి చాపాను. మామ తాళం జేబులో వేసుకున్నాడు. ‘నీ పేరు మీదికి మారినాక ఇస్తా.’

మనసు చివుక్కుమంది. ‘ఏంది మామా, మన మధ్య కాగితాలేంది? నిదానంగా చేయించుకుంటా కదా’ అన్నాను. అప్పుడు చెప్పాడు. పదేళ్ల కింద పాత బైకు అత్త తరఫు చుట్టానికి అమ్మాడట. మన ఇంట్లోదే కదా అని ఆర్సీ మార్చలేదు. ఆ కుర్రాడు ఒకర్ని గుద్దాడు. కేసులో బండి యజమానిగా మామ పేరు ఎక్కింది. రెండేళ్లు వాయిదాలకి తిరిగాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా.

తర్వాత చూస్తే చట్టం కూడా మామ చెప్పినట్టే ఉంది. అమ్మినవాళ్లు ఒకే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి చెప్పాలి. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చింది కూడా ఇదే. కారు అమ్మేసి, అది ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదానికి పరిహారం బాధ్యత ఆయనదే. అంటే నేను ‘నిదానంగా’ అన్న ప్రతి రోజూ నా డ్రైవింగ్‌కి మామ పూచీ. ఆ మనిషికి రాత్రి లైట్ల భయం తీరాలనే కదా కారు అమ్మింది!

ఫారం 29, ఫారం 30 మీద మామ సంతకాలు పెట్టాడు. వేళ్లకి చేపల పొలుసు అంటుకుని ఉంది, ఒక కాగితం మీద అదీ మెరిసింది. ఇన్సూరెన్సు కూడా నా పేరుకి మార్చుకున్నా. మామకి ఏళ్ల తరబడి పేరుకున్న నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు నాకు రాదని అక్కడే తెలిసింది. అది మనిషిది, బండిది కాదట. కొత్త ఆర్సీ చేతికొచ్చాక ఫోన్‌లో ఫొటో పంపించాను. అప్పుడు తాళం వచ్చింది. తాళానికి అత్త కట్టిన ఎర్ర దారం అలాగే ఉంది.

డిక్కీలో కొత్త రేకు వేయించాం. భాయ్ దాని మీద నల్లటి యాంటీ రస్ట్ కోటింగ్ రెండుసార్లు కొట్టాడు. వాసన మాత్రం పోలేదు. వాన పడ్డ రోజు ఏసీ వేస్తే చాలు, మా ఆవిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంటుంది, పాప ‘తాతా’ అంటుంది.

పోయిన నెల మామకి కావలిలో పని పడింది. తీసుకురావడానికి నేనే పోయాను. వాకిట్లో థర్మకోల్ పెట్టెతో నిలబడి ఉన్నాడు. డిక్కీ తెరిచాను. మామ అందులోకి తొంగిచూసి, కొత్త రేకు ఉన్న చోట చాప మీద చేత్తో ఒకసారి తట్టి, డిక్కీ మూసేశాడు. ఒక ప్లాస్టిక్ టబ్బు తెప్పించి, పెట్టె అందులో పెట్టి, ముందు సీట్లో ఎక్కి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

‘మామా, వెనక పెట్టు, ఏం కాదు’ అన్నాను.

‘నువ్వు తోలు’ అన్నాడు.

బిట్రగుంట దాటేసరికి ఐసు నీళ్లు టబ్బు పక్క నుంచి ఆయన పంచె మీదికి కారుతున్నాయి.