పేపర్లో రాని సన్నాయి

గుంతకల్లులో డిసెంబరు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కూర్చుంటుంది. గుడి మైకులోంచి తిరుప్పావై మొదలవుతుంది. ఆ పాశురం పూర్తికాకముందే పక్కవీధిలో అయ్యప్పస్వాముల శరణుఘోష. ఈ రెండింటి మధ్యలో దూరి, స్టేషన్లో అమ్మాయి గొంతు మూడు భాషల్లో 'దయచేసి వినండి' అంటుంది. ఎవరూ వినరు. బండి లేటని అందరికీ తెలుసు.

ఆయన మాత్రం వింటారు. గార్డుగా మూడు దశాబ్దాలు పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి 'ట్రైన్ మేనేజర్' అంటున్నారు. ఎవరైనా ఆయన్ని అలా పిలిస్తే, మేనేజర్ జీతం ఏ బ్యాంకులో వేశారో కనుక్కో నాయనా అంటారు. ఏ బండి ఎంత లేటో లెక్క కట్టుకుంటూ, పేపరు కుర్రాడి సైకిలు బెల్లు కోసం గేటు దగ్గర నిలబడటం ఆయన దినచర్య.

పేపరు రాగానే మొదటి పేజీ ముట్టరు. ఢిల్లీ సంగతులు సాయంత్రం టీవీలో ఎలాగూ చెబుతారు. ముందు తెరిచేది జిల్లా సంచికే. మన దినపత్రికలకు 1989 ప్రాంతంలో ఈ జిల్లా పేజీలు వచ్చినప్పుడు ఆయనకెంత సంబరమో! గుంతకల్లు పేరు అచ్చులో కనిపిస్తే చాలు, రన్నింగ్ రూములో పదిమందికి చూపించేవారు. ఇప్పుడు అదే పేజీ తెరిచి ఐదు నిమిషాల్లో పళ్లు నూరటం మొదలుపెడతారు.

'తాగునీటికి కటకట.' 'హెచ్చెల్సీ నీటి కోసం ఎదురుచూపులు.' 'సమస్యలు పరిష్కరించాలని వినతిపత్రం.' ప్రతి వార్తా చివర 'కార్యక్రమంలో పలువురు పాల్గొన్నారు' అనే మాట ఒకటి.

'ఏమే, ఈ పలువురు ఎవరో ఒక్కసారి చూడాలని ఉంది. జిల్లాలో ఏ మూల ఏం జరిగినా హాజరు వేయించుకుంటారు' అంటారు ఆయన.

'వాళ్లకైనా ఇంట్లో కొళాయి వస్తుందేమో అడగండి' అంటుంది ఆవిడ బిందెలు వరసగా పెడుతూ.

చిత్రమేమిటంటే, ముప్పై పాశురాలు ఏటా అవే. ఒక్క అక్షరం మారదు. తిరుమలలో కూడా ఈ నెల రోజులూ సుప్రభాతాన్ని పక్కనపెట్టి వీటినే పాడతారు. వందలసార్లు విన్నదే మళ్లీ వినిపిస్తే ఆవిడ చేతిలో పని ఆగుతుంది. పేపర్లో వార్త కూడా ఏటా అదే, అక్షరం మారదు. అది చూస్తే మాత్రం ఆయనకు బీపీ.

కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఊరొదిలి పదిహేనేళ్లయినా జిల్లా పేజీని సెల్లులో చూడందే టిఫిన్ చేయడు. 'నాన్నా, నీళ్లు రావట్లేదంట కదా. ఇంకా అక్కడేముందని? ఇల్లు అమ్మేసి వచ్చేయండి' అని ఫోను. వాడు చదివేదంతా నిజమే, కాదనలేరు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మరి. కానీ వాడికి సెల్లులో కనబడే గుంతకల్లులో కటకటలూ వినతిపత్రాలే తప్ప చప్పుడు లేదు. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో కసాపురం ఉంది. అక్కడి నెట్టికంటి ఆంజనేయస్వామిని వ్యాసరాయలు ప్రతిష్ఠించారని స్థలపురాణం. ఆ వ్యాసరాయల శిష్యుడే పురందరదాసు, సంగీతం నేర్చుకునే పిల్లలందరికీ సరళీస్వరాలు పెట్టిన మహానుభావుడు. చిన్నప్పుడు శనివారాలు తండ్రి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఆ గుడికి వెళ్లినవాడే ఇప్పుడు 'అక్కడేముంది' అంటున్నాడు.

డిసెంబరు మూడోవారం దాటితే రాత్రుళ్లు రైల్వే కాలనీలో క్రిస్మస్ పాటల బృందాలు బయల్దేరతాయి. గిటారు, డోలక్, మఫ్లర్లు చుట్టుకున్న పిల్లలు. 1818లో ఆస్ట్రియాలోని ఒక పల్లెలో మొదటిసారి పాడిన 'సైలెంట్ నైట్' పాట, కూత వేస్తూ పోయే గూడ్సుబండి పక్కన తెలుగులో వినబడుతుంది. సైలెంట్ అన్న మాటకు ఇంతకన్నా పరీక్ష ఉండదు. బృందం గుమ్మం ముందుకొస్తే ఆవిడ జంతికల డబ్బా తీస్తుంది. మనది కాని పండగ అని ఆ ఇంట్లో ఎవరికీ తోచదు. ఆయన సర్వీసంతా క్రిస్మస్ రోజు డ్యూటీ ఆయన, సంక్రాంతి డ్యూటీ తోటి గార్డు మార్చుకుని చేసినవారే.

ఇన్ని పాటల్లోనూ ఆవిడ చెవి వేసుక్కూర్చునేది మాత్రం గంగిరెద్దు సన్నాయి కోసం. ఏటా అదే మనిషి, అదే ఎద్దు. పాత సినిమా పాట ఒకటి వాయిస్తాడు, మధ్యలో ఒకచోట తప్పుతాడు, ఏటా అక్కడే తప్పుతాడు. ఎద్దు మూపు మీద కప్పటానికి ఆవిడ పాత చీర ఒకటి మడిచి ఉంచుతుంది. చిరుగు లేని చీరే.

2023 డిసెంబరులో అతను రాలేదు. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం పోయింది. చీర కుర్చీ మీదే ఉంది.

'పేపర్లో ఏమైనా రాశారా?' అని అడిగింది ఒకరోజు.

'గంగిరెద్దు రాలేదని పేపర్లో రాస్తారా!' అన్నారాయన. అన్నారే గానీ, ఆ పూట జిల్లా సంచిక పన్నెండు పేజీలూ వెతికారు. శిలాఫలకం ఉంది, సన్మానం ఉంది, పలువురు ఉన్నారు. అడుగున వేలెడంత వార్త ఒకటి: పశుగ్రాసం కొరత. ఆ ముక్కను ఆయన ఎన్ని ఏళ్లుగానో చూస్తున్నారు, చదవకుండానే దాటేస్తున్నారు. ఆ ఏడు అక్టోబరు 31న ప్రభుత్వం రాష్ట్రంలో 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. అందులో అనంతపురం జిల్లావీ ఉన్నాయి. వేరుశెనగ ఎండిపోతే రైతుకు కాయే కాదు, పశువుకు కట్టె కూడా ఉండదు. వరిగడ్డి ఎక్కడినుంచో ట్రాక్టర్ల మీద రావాలి. ఇదంతా ఆయనకు తెలియనిది కాదు. ఆ రోజు మాత్రం వేలెడంత వార్తను రెండుసార్లు చదివి, పేపరు మడిచి పెట్టేశారు.

భోగి ముందురోజు సన్నాయి వినిపించింది. ఆవిడ చీర పట్టుకుని గేటు దాకా పరిగెత్తింది. మనిషి ఒక్కడే ఉన్నాడు.

'ఎద్దేదీ?'

'అమ్మేస్తినమ్మా. మేత యాడుంది? దసరా ముందరే ఇచ్చేస్తి' అన్నాడు నేల చూస్తూ. 'ఎద్దు లేకుండా వస్తే ఎవురూ గేటు తీయరు. మీరు తీస్తారని వస్తి.'

ఆవిడ చీర చాపింది. అతను తీసుకోలేదు.

'వొచ్చే ఏడు దూడని పట్టుకొస్తా తల్లీ. దానికే కప్పుదురు.'

బియ్యం, ఆయనిచ్చిన నోటు జోలెలో వేసుకుని సన్నాయి అందుకున్నాడు. అదే పాట. ఆయన గుమ్మంలో నిలబడి చెవి రిక్కించారు. తప్పాల్సినచోట తప్పాడు.

లోపల ఫోను మోగుతోంది. బెంగళూరు నంబరు. ఆయన ఫోను తీసి, మాట్లాడకుండా సన్నాయి వైపు పట్టుకున్నారు.