శెనక్కాయల ఊరు

మా అనంతపురంలో దీపావళికి టపాసులు ఏ మాత్రం పేలుతాయో ఆగస్టులోనే తెలిసిపోయేది. శెనక్కాయ చెట్టుకు ఊడలు దిగే కాలమది. పూత రాలినాక అక్కడి నుంచి సన్నటి ఊడ కిందికి సాగి, భూమిలోకి దిగితేనే కాయ. నేల బిగుసుకుపోతే ఊడ దిగదు, పైనే ఎండిపోతుంది. ఆ నాళ్ళలో ఒక్క మంచి వాన పడిందా, మండీల్లో డబ్బు ఆడేది, బట్టల అంగళ్ళు కిటకిటలాడేవి, టాకీసుల దగ్గర తొక్కులాట. మా నాయన ఒక మండీలో గుమాస్తా. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విడిచే తీరు చూసి, ఆ ఏడు పండక్కి బట్టలు తేవాలో పాతవి ఉతికి కట్టాలో అమ్మ తేల్చుకునేది.

నేను చెప్పేది 1970ల చివరి మాట, ఎనభైల మొదటి మాట. మేముండింది పాతూరులో. మా వీధిలో సొంత చేను ఉన్నవాళ్ళు తక్కువ. అయినా పిల్లలకు సహా కార్తెలు నోటికొచ్చు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని ఎక్కాల మాదిరి అప్పజెప్పేవాళ్ళం. పల్లె నుంచి ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చే ముందే అడిగే మాట ఒకటే: "మీకాడ పదునైందా?"

మాకు వాన ఎందుకు రాదో మా సోషల్ సారు బోర్డు మీద గీసి చూపించేవాడు. ఎడమ పక్క పడమటి కనుమలు. నైరుతి మబ్బులు వాటి మీద కురవాల్సిందంతా కురిసి, ఒట్టి గాలిని మా మీదికి తోస్తాయి. కుడి పక్క దూరంగా సముద్రం. ఈశాన్య మబ్బులు తూర్పు కొండలు దాటి మా దాకా వచ్చేసరికి సత్తువ పోతుంది. రెండు రుతుపవనాలకూ మేం ఆఖరి ఊరే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. "జైసల్మేర్ తర్వాత మనమేరా" అనేవాడు, ఏదో బహుమతి వచ్చినట్టు. ఇప్పుడాలోచిస్తే ఆ 550 అంత చెడ్డ లెక్క కాదనిపిస్తుంది. వేళకు పడితే ఆ వానతోనే శెనక్కాయ పండుతుంది. మా తిప్పలన్నీ వేళతోనే. విత్తేందుకు ఒక వాన, తర్వాత నలభై రోజులు మోడమే తప్ప చినుకు ఉండదు. కాయ పీకి కుప్ప వేసినాక జడివాన. గులకరాళ్ళ ఎర్రనేల, లోతు లేదు. పడిన నీళ్ళను పట్టి ఉంచుకోలేదు.

ఊరు పుట్టింది చెరువు దగ్గరే. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు పండమేరుకు అడ్డం కట్ట వేయించి, ఆ కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం అని రెండు ఊళ్ళు నిలిపాడు. అనంతసాగరమే అనంతపురమైంది. ఆదివారాలు మేం కట్ట మీద నడుచుకుంటూ బుక్కరాయసముద్రం దాకా పోయేవాళ్ళం. చెరువులో నీళ్ళున్న ఏడాది ఈత, లేని ఏడాది అడుగు మట్టిలో గోలీలాట. అవ్వ వెంట ఉంటే ముసలమ్మ కథ తప్పదు. కట్టకు గండి పడితే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఊరి కోసం ఆ గండిలో నిలబడి ప్రాణమిచ్చింది. ఆమెను తనకు బాగా తెలిసిన మనిషి లెక్కన చెప్పేది అవ్వ. కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశాడని కాలేజీకి వచ్చినాక తెలిసింది. అవ్వకు కథ చెప్పినప్పుడల్లా కన్నీళ్ళు. నాకు మాత్రం ఆ ఊరి పెద్దల మీద కోపం. అంత మంది మగవాళ్ళున్న ఊళ్ళో గండికి కోడలే దొరికిందా?

దొరతనం సంగతులు మాకు కచేరీ గోడల మీద కనపడేవి. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషు వాళ్ళకు దత్తం చేశాడు. మన్రో దొర కలెక్టరుగా వచ్చాడు. చాలా కాలం మేం బళ్ళారి జిల్లాలోనే ఉండి, 1882లో వేరుపడ్డాం. అందుకే మా మాటల్లో కన్నడం, మా పెళ్ళిళ్ళలో బళ్ళారి చుట్టాలు. 1916లో దత్తమండల కాలేజీ వచ్చింది. మా కాలానికి అది ఆర్ట్స్ కాలేజీ. 'రాయలసీమ' అన్న పేరు 1928లో నంద్యాల సభలో పెట్టించిన చిలుకూరి నారాయణరావు పాఠం చెప్పింది ఇక్కడే, నీలం సంజీవరెడ్డి చదివింది ఇక్కడే. ఊరి నడుమ గడియార స్తంభం ఎనిమిది మూలలు, పదిహేను అడుగుల వెడల్పు, నలభై ఏడు అడుగుల ఎత్తు అని, అందులో స్వాతంత్య్రం వచ్చిన తేదీ దాగుందని పెద్దలు చెప్తే, మేం కింద నిలబడి మూలలు లెక్కపెట్టేవాళ్ళం.

నాకు బాగా గుర్తుండేది మే నెల. విత్తనం కాయలు వలిచే కాలం. మిషన్లో ఆడిస్తే పప్పు బద్దలవుతుంది, పైపొర లేచిపోతుంది, అది మొలకెత్తదు. అందుకని విత్తనానికి చేత్తోనే వలవాలి. మండీ నుంచి బస్తా వచ్చి మా అరుగు మీద కుమ్మరించుకునేది. వీధిలో ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు. కాయ ముక్కు మీద బొటనవేలితో నొక్కితే 'టప్' మంటుంది. కొత్తవాళ్ళకు రెండో రోజుకే వేలు బొబ్బలెక్కేది. కూలి సేర్ల లెక్కన. పక్కింటి సాయిబుల పిన్నమ్మ చేతివేగం ముందు ఎవరూ ఆగేవాళ్ళు కాదు. ఆమె చేతులు వలుస్తుంటే నోరు వీధి కథలు చెప్పేది. పిల్లలం నోట్లో వేసుకున్న గింజలకు లెక్కుండేది కాదు. నాయన చూసీచూడనట్టు పోయేవాడు. పొట్టు బస్తాలు పొయ్యికిందికి. ఆ నెలంతా ఇంట్లో వంకాయ, చింతకాయ, ఏది చేసినా అందులో శెనక్కాయల పొడి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. పనివాళ్ళకూ మాకూ ఒకటే పళ్ళెం వరస.

ఆ పిన్నమ్మే మమ్మల్ని గూగూడు పీర్ల పండగకు తీసుకుపోయేది. మా అవ్వగారి పల్లె నార్పల పక్కనే. గూగూడు కుళ్ళాయిస్వామి పీరుకు చక్కెర చదివించే జనంలో హిందువులే ఎక్కువ కనపడేవాళ్ళు. గుండంలో నిప్పులు తొక్కే రాత్రి పల్లెలకు పల్లెలు అక్కడే. మా చుట్టాల్లో కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు చాలామంది. వాన రాని ఏడాది అవ్వ చావడిలో విరాటపర్వం చదివించి, తర్వాత పీరుకు మొక్కేది. ఎవరు పలికితే వాళ్ళే.

ఎవరూ పలకని ఏళ్ళు కూడా ఉండేవి. మేత లేక ఎద్దులను సంతకు తోలేవాళ్ళు. అట్లాంటి ఒక ఏడు మామ పల్లె నుంచి మా ఇంటికొచ్చి, రెండు పూటలు ఉండి, బెంగుళూరు బస్సెక్కాడు. కట్టడం పనికి. ఆ తర్వాత పల్లెలో ప్రతి ఇంటి నుంచీ ఒక్కరైనా అటే. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ఆ నార్పల మండలంలోని బండ్లపల్లిలోనే మొదలుపెట్టాడు. దేశమంతా వెతికినా కూలికి పని అంత అవసరమైన చోటు దొరకదని అనుకున్నారేమో, తప్పు పట్టలేం.

శెనక్కాయ ఒకప్పుడు మా జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా వేసేవాళ్ళు. దేశంలో ఏ జిల్లాలోనూ అంత లేదు. మా నూనె మిల్లులను కరువు దెబ్బ తీసిందనుకుంటారు గానీ, కరువు మాకు కొత్తా? 1990ల నడుమ దిగుమతి పామాయిలు చవగ్గా వచ్చి పడింది. వాన కోసం ఎదురుచూడటం తెలిసిన మండీకి మలేసియా ధరతో పోటీ పడటం తెలియలేదు. నాయన పనిచేసిన మండీ మూతపడింది. కొన్ని మిల్లుల స్థలాల్లో కల్యాణమండపాలు లేచాయి. బోర్లు వేయగలిగినవాళ్ళు చీనీ, దానిమ్మ పెట్టారు. బోరు ఎండిన రైతు మళ్ళీ శెనక్కాయకే వచ్చాడు, అప్పుతో సహా.

2022 అక్టోబరులో ఊరి మధ్య పోయే నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. ఏళ్ళ తరబడి ఎండి ఉన్న వంకను వంక అనే మర్చిపోయి, దాని ఒడ్డునే ఇళ్ళు కట్టుకున్నారు జనం. అక్క ఫోన్ చేసింది. ఇంట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు, బియ్యం డబ్బా అటక మీద, బావ మిద్దె మీద.

"తాగేదానికి ఏం చేస్తున్నారక్కా?" అన్నాను.

"ట్యాంకరు కోసం చూస్తా ఉండాం" అంది.