మన బడికి వెబ్‌సైట్ పెట్టిన కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ళ కాలంలో వెబ్‌సైట్లు లేవు కాబట్టి అక్కడితో ఆగారు. ఉండి ఉంటే "నలుగురూ కలిసి వెబ్‌సైట్ పెట్టి చూడు" అని మూడోది కూడా చేర్చేవారే!

మా కథ 2025 ఉగాది నాడు మొదలైంది. బడి వేడుకలో పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ మా ముగ్గురి దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు మన బడిలోనే చదువుకుంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. "అంకుల్, 2008లో నేను రాసిన కథ మన వెబ్‌సైట్లో పెట్టారు. మంచులో ఇల్లు కట్టుకున్న కుందేలు కథ. మా తాతయ్య తెనాలిలో నెట్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడి కుర్రాడి చేత ఫాంటు దింపించుకుని మరీ చదివారట. తాతయ్య ఈమధ్యే పోయారు. ఆ కథ ఒకసారి నాకు కావాలి" అంది. ఎక్కడా తడుముకోకుండా తెలుగులో అడిగింది. మా దగ్గరే జవాబు లేకపోయింది.

ఆ పాత వెబ్‌సైట్ ఏమైందో తెలిసిన వాళ్ళు ఇప్పుడు తక్కువ. 2009లో జీఎం, క్రైస్లర్ రెండూ దివాలా కోర్టు మెట్లెక్కాయి. ఆ ఏడాది మన నోవై చుట్టుపక్కల నుంచి ఎన్ని తెలుగు కుటుంబాలు ఉద్యోగాలు వెతుక్కుంటూ వెళ్ళిపోయాయో పాతవాళ్ళకి గుర్తే. వెబ్‌సైట్ నడిపిన తండ్రిగారు కూడా అలాగే వెళ్ళారు. సైటు చిరునామా ఆయన పేరు మీద, ఆయన ఆఫీసు ఈమెయిల్‌తో ఉండేది. ఆ ఈమెయిల్ మూతబడింది, గడువు దాటింది, చిరునామా చేజారింది. తప్పు ఆయనది కాదు. ఆయన ఒక్కడి మీదే అంతా వదిలేసి నిశ్చింతగా కూర్చున్న మా అందరిదీ. ఆ తర్వాత ఈమెయిళ్ళతో, ఆ పైన వాట్సాప్ గ్రూపుతో నెట్టుకొచ్చాం.

వెతగ్గా వెతగ్గా ఒకరి బేస్‌మెంట్లో పాత సీడీ దొరికింది. ఆశగా తెరిచాం. తెర నిండా పిచ్చి గీతలు, గుర్తులు! పిల్లలూ, ఇదెందుకో మీకు చెప్పాలి. కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదే తెలుగు అక్షరం ముక్కల్ని కూర్చోబెట్టేవారు. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, ఒక్కో లెక్క. ఆ ఫాంటు లేకపోతే రాసింది చదవలేం. యూనికోడ్ వచ్చాక ప్రతి అక్షరానికీ సొంత అంకె వచ్చింది. ‘అ’ అంటే 3077, ‘ఆ’ అంటే 3078. నోవైలో అయినా, నూజివీడులో అయినా అదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే తెలుగు యూనికోడ్ ఉంది. కానీ మన సైటు 2008లో కూడా పాత ఫాంటుతోనే నడిచింది. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక పాత సంచికలు ఇవాళ కూడా యూనికోడ్‌లో హాయిగా చదువుకోగలుగుతున్నామంటే, ఎవరో ఓపిగ్గా కూర్చుని మార్చబట్టే. మన బడికి ఆ ఓపిక చేసినవాళ్ళు లేకపోయారు.

ఇంతలో 2025 జూలైలో తానా మహాసభలు మన నోవైలోనే జరిగాయి. అక్కడ కలిసిన కొత్త తల్లిదండ్రులంతా అడిగింది ఒకటే ప్రశ్న: "మీ బడి వెబ్‌సైట్ ఏది?" ఇక లాభం లేదనుకుని మేం ముగ్గురం కమిటీగా ఏర్పడ్డాం. ముగ్గురం ఇంజనీర్లమే. పదిమంది చేరితే పాము చావదంటారు, మాకు ముగ్గురే సరిపోయాం!

వాదనంతా ఏ విషయ నిర్వహణ వ్యవస్థ ఎంచుకోవాలన్న దాని మీదే. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది. ఈ సంచికే చూడండి. రాసేవాళ్ళు రాసి ఇస్తారు, పేజీ కూర్పు, అచ్చు సంగతి వేరేవాళ్ళు చూస్తారు. ఈ వ్యవస్థ కూడా అంతే. రాత ఒకచోట దాస్తుంది, పేజీ రూపం వేరేచోట ఉంచుతుంది, అడిగినప్పుడు రెండూ కలిపి చూపిస్తుంది.

మాలో ఒకరు డ్రూపల్ అన్నారు. డ్రీస్ బైటార్ట్ అనే బెల్జియం కుర్రాడు విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టి 2001లో విడుదల చేసింది. గట్టిది, పెద్ద సంస్థలు వాడేది. కానీ ఏడో వెర్షన్ నుంచి ఎనిమిదికి మారాలంటే ఇల్లు మళ్ళీ కట్టుకున్నంత పని. ఆ ఏడో వెర్షన్‌కి 2025 జనవరిలో మద్దతు కూడా ఆగిపోయింది. ఇంకొకరు జూమ్లా అన్నారు. 2005లో మాంబో నుంచి విడిపడి వచ్చింది. ‘అందరూ కలిసి’ అనే అర్థమున్న స్వాహిలీ మాట నుంచి ఆ పేరు పుట్టింది. పేరు బాగానే ఉంది, మేమే కలవలేదు! మూడోవారు 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ అన్నారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 100కి 40కి పైగా దాని మీదే నడుస్తున్నాయి. "అది పిల్లల ఆట" అని మిగతా ఇద్దరం కొట్టిపారేశాం. ఇవేవీ వద్దు, నెలనెలా డబ్బు కట్టి తయారు సైటు తీసుకుందాం అన్న మాట కూడా వచ్చింది. అది అద్దె ఇల్లు. ఖాళీ చేసేటప్పుడు సామాను తెచ్చుకోగలమేమో గానీ గోడలు తెచ్చుకోలేం.

ఆరు వారాలు గడిచాయి. మా ఇళ్ళలో ఆడవాళ్ళు "ఈపాటికి చేత్తో రాసి పంచినా అయిపోయేది" అనడం మొదలుపెట్టారు. చివరికి ఒకటో తరగతి టీచరుగారిని అడుగుదామనుకున్నాం. ఆవిడ కృష్ణా జిల్లా హైస్కూల్లో 30 ఏళ్ళు తెలుగు చెప్పి వచ్చినవారు. ఒక శనివారం నోవై పబ్లిక్ లైబ్రరీలో గది తీసుకుని, మూడు లాప్‌టాప్‌లలో మూడు వ్యవస్థలు పెట్టాం. "టీచరుగారూ, మీరు టైపు చేసుకొచ్చిన హోంవర్కు, ఒక ఫొటో మూడింట్లోనూ పెట్టండి. మేం నోరు మెదపం" అన్నాం.

మొదటిదాంట్లో ఆవిడ ఎక్కడ నొక్కాలో వెతుక్కుంటూనే పావుగంట అయింది. రెండోదాంట్లో హోంవర్కు పెట్టారు గానీ అది ఏ పేజీలోకి వెళ్ళిందో ఆవిడకీ, మాకూ కూడా దొరకలేదు. వర్డ్‌ప్రెస్‌లో మెనూలు తెలుగులోకి మార్చి ఉంచాం. నిదానంగా చదువుకుంటూ ఫొటోతో సహా పెట్టేశారు. కళ్ళజోడు తీసి రెండు ప్రశ్నలు వేశారు.

"పొరపాటున ఏదైనా చెరిపేస్తే పోయినట్టేనా బాబూ?"

"లేదండీ, పాత రాత దాచి ఉంచుతుంది. వెనక్కి తెచ్చుకోవచ్చు."

"సరే. రేపు మీ ముగ్గురికీ ఊరు మారితే ఎవర్ని అడగాలి?"

ఆరు వారాల వాదనలో ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు. వేగం గురించి, భద్రత గురించి, అందం గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. 2009లో జరిగింది మళ్ళీ జరిగితే ఏమవుతుందో మాత్రం మాట్లాడుకోలేదు.

ఆ రోజే వర్డ్‌ప్రెస్ ఖాయమైంది. దానికీ లోపాలున్నాయి. పైన తగిలించే ప్లగిన్లు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే దొంగలకి తలుపు తీసినట్టే. అందుకే తప్పనిసరి అయిన నాలుగే పెట్టాం. కానీ తెలిసినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు, రాసినదంతా మూటగట్టి ఇంకోచోటికి తీసుకుపోవచ్చు. దాంతోపాటు కొన్ని నియమాలు కాగితం మీద రాసి బడి బీరువాలో పెట్టాం. సైటు చిరునామా బడి పేరు మీదే ఉండాలి. తాళాలు ఎప్పుడూ ముగ్గురి దగ్గర ఉండాలి. ప్రతి సెమిస్టరు చివర రెండుచోట్ల నకలు తీయాలి. పిల్లల రాతలు బొమ్మలుగా కాకుండా యూనికోడ్ అక్షరాలుగానే పెట్టాలి. మన ఊరి పేరే చూడండి, ఇంగ్లీషులో చూసి కొత్తవాళ్ళంతా ‘నోవి’ అంటారు. తెలుగులో ‘నోవై’ అని రాశాక తప్పు చదవమన్నా చదవలేరు!

ఇంతకీ కుందేలు కథ ఏమైందంటారా? లైబ్రరీ నుంచి వెళ్ళేటప్పుడు టీచరుగారితో ఆ సంగతి చెప్పాం. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "2008 సంచిక మా అల్మరాలో ఉంది బాబూ. అందులో అచ్చయింది ఆ కథ" అన్నారు. సైటు పోయింది, సీడీ పనికిరాలేదు, అట్ట చిరిగిన కాగితం మాత్రం మిగిలింది. ముగ్గురు ఇంజనీర్లం తలలు దించుకుని దాన్ని టైపు చేశాం. కొత్త వెబ్‌సైట్లో మొట్టమొదట పెట్టింది అదే. ఆ అమ్మాయి చదువుకుని, కథ కింద తాతయ్య పేరు చేర్చమంది. చేర్చాం.

మీ ఇళ్ళలో పాత సంచికలుంటే దయచేసి పారేయకండి, మాకు ఒకసారి ఇవ్వండి. పిల్లలూ, మీరు రాసినవి మీ టీచర్లకి ఇవ్వండి, ఎంత చిన్నవైనా సరే. తాళాలు పట్టుకోవడానికి వచ్చే ఏడాది ఒక కొత్త చెయ్యి కూడా కావాలి. కంప్యూటర్ బాగా తెలిసి ఉండక్కర్లేదు, టీచరుగారిలా ప్రశ్నలు అడగడం వస్తే చాలు.