కొండ మీద నుంచి చూసినవాళ్ళు

బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్ళలో బాలక్లావా కథ చెవిన పడనివాళ్ళు అరుదు. 1854 అక్టోబర్ 25న క్రిమియాలో, మూడు వైపులా రష్యన్ ఫిరంగులు మోహరించిన లోయలోకి లైట్ బ్రిగేడ్ రౌతులు దాదాపు 670 మంది గుర్రాలు దూకించారు. ఇరవై నిమిషాల్లో అంతా ముగిసింది. నూటపది మంది దాకా ప్రాణాలు పోయాయి, అంతకంటే ఎక్కువమంది గాయపడ్డారు, వందల గుర్రాలు కూలిపోయాయి. రెండు నెలలు తిరక్కుండానే ఆ దాడి మీద కవి టెన్నిసన్ రాసిన పద్యం అచ్చయింది, తరతరాల పిల్లలు దాన్ని బడుల్లో కంఠతా పట్టారు. అప్పటినుంచి ఆ ఓటమిని ఒక గొప్ప సౌందర్యంగా చెప్పుకోవడం ఈ దేశానికి అలవాటైంది. ఆ మాట వినిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అందుకే టోనీ రిచర్డ్‌సన్ 1968లో తీసిన ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ మీద నాకు అంత అభిమానం. సేనాధిపతులను మరీ బొమ్మల్లా చేసి వెక్కిరించారని ఆ సినిమా మీద ఒక ఫిర్యాదు ఉంది. చరిత్ర తిరగేస్తే ఆ ఫిర్యాదు నిలవదు.

పై నుంచి ఒక్కొక్కరినే చూడండి. ప్రధాన సేనాని రాగ్లాన్ 1815లో వాటర్లూలో చేయి పోగొట్టుకున్నవాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆఫీసు బల్ల దగ్గరే పనిచేసి, ముసలితనంలో యుద్ధానికి వచ్చాడు. పక్కన మిత్రులుగా ఫ్రెంచివాళ్ళు నిలబడి ఉండగా శత్రువును ‘ఫ్రెంచివాళ్ళు’ అనేవాడు. ఇది సినిమా రచయిత చార్లెస్ వుడ్ పుట్టించిన హాస్యం కాదు, రాగ్లాన్‌కు నిజంగా ఉన్న అలవాటే. ఆశ్వికదళం మొత్తానికి అధిపతి లూకన్, అతని కింద లైట్ బ్రిగేడ్‌కి అధిపతి కార్డిగన్. ఇద్దరూ బావాబామ్మర్దులు, ఒకరి నీడ ఒకరికి గిట్టదు. కింది అధికారిని వేధించిన వ్యవహారంలో 1834లో కార్డిగన్‌ను ఒక రెజిమెంట్ నుంచి తప్పించారు. రెండేళ్ళకే ఇంకో రెజిమెంట్‌ను కొనుక్కున్నాడు, నలభై వేల పౌండ్లకని చెప్పుకున్నారు. పదవులను అంగట్లో సరుకులా అమ్మడం అప్పటి పద్ధతి, 1871 దాకా అది రద్దు కాలేదు. సైనికులు బురదలో డేరాల్లో ఉంటే ఆయన రాత్రిళ్ళు రేవులో తన సొంత ఓడలో పడుకునేవాడు. ట్రెవర్ హోవర్డ్ ఈ పాత్రను అరుపులతో, అహంకారంతో ఎంత నింపినా అసలు మనిషిని దాటిపోలేదు.

మనకు ఇంకా దగ్గరగా తగిలేది కెప్టెన్ నోలన్ కథ. ప్రాణం తీసిన ఆజ్ఞ కాగితాన్ని కొండ మీద నుంచి కిందికి తెచ్చింది అతనే, దాడిలో మొదట కూలిందీ అతనే. అంతకుముందు అతను మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. సినిమాలో కార్డిగన్ అతన్ని ఇండియా అధికారి అని ఈసడిస్తాడు. ఇండియాలో యుద్ధం చూసి వచ్చినవాళ్ళంటే డబ్బుతో పదవి కొన్న పెద్దింటివాళ్ళకు చులకన, ఆ చులకన చరిత్రలోనూ ఉంది. నోలన్ 1853లో అచ్చువేసిన ఆశ్వికదళం పుస్తకంలో నిజాం రౌతుల ముచ్చట ఒకటుంది. హైదరాబాదు ప్రాంతంలో జరిగిన ఒక పోరులో వాళ్ళ కత్తివేటుకు తలలూ చేతులూ తెగిపడ్డాయని తెలిసి ఆ కత్తులేమిటో ఆరా తీశాడు. తీరా చూస్తే అవి ఇంగ్లీషు సైన్యం వాడి పారేసిన పాత కత్తులే. నిజాం రౌతులు వాటిని పదును పెట్టి, కర్ర ఒరల్లో దాచి, పోరాటంలో తప్ప బయటికి తీసేవాళ్ళు కాదు. ఇంగ్లీషు రౌతుల ఇనుప ఒరలు మాత్రం కత్తి పదునంతా తినేసేవి. మన నేల మీద నేర్చుకున్న ఈ తెలివిని పుస్తకంగా రాసిచ్చిన మనిషిని పక్కన పెట్టి, ఓడలో పడుకునే ప్రభువుకు బ్రిగేడ్ అప్పగించారు. రిచర్డ్‌సన్ సినిమా ఆ ఈసడింపును చూపించింది గానీ దాని వెనకున్న హైదరాబాదు రౌతును చూపించలేదు. ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది. అయినా 1936లో ఎరల్ ఫ్లిన్‌తో హాలీవుడ్ తీసిన సినిమాతో పోలిస్తే ఇది ఎంతో నయం. అందులో సూరత్ ఖాన్ అనే భారతీయ దుర్మార్గుణ్ణి కల్పించి, బాలక్లావా దాడిని అతని మీద ప్రతీకారంగా మార్చేశారు. ఇంగ్లీషు సేనానుల తప్పు మొత్తం ఒక కల్పిత భారతీయుడి నెత్తిన పడింది.

నోలన్ కూడా నిర్దోషి కాదు కదా అని అడగవచ్చు. కాదు. కొండ మీదున్న రాగ్లాన్‌కు కనిపించే ఫిరంగులు లోయలో ఉన్న లూకన్‌కు కనిపించవు. ఆజ్ఞలో ఉన్నది ఏ ఫిరంగులని లూకన్ అడిగితే నోలన్ పొగరుగా చేయి ఊపాడు. సినిమా అతని పొగరును కూడా దాచలేదు. కల్పించి అతికించిన ప్రేమకథ మాత్రం అనవసరమే, అక్కడ కథనం నీరసిస్తుంది. ఇక మన తెలుగువాళ్ళం బొబ్బిలి ఓటమిని పాడుకోవడం లేదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అయితే 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల మధ్య చిక్కుకున్న కోటవాళ్ళకు పోవడానికి దారి లేదు. బాలక్లావాలో ఆ రౌతుల్ని లోయలోకి తోసింది సొంత అధికారుల నిర్లక్ష్యం. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు చేతకాదు. ఇలాంటి నిర్లక్ష్యాన్ని విషాదంగా తీస్తే చూసేవాళ్ళు తలరాత అనుకుని కళ్ళు తుడుచుకుంటారు. వ్యంగ్యంగా తీస్తే ఇది ఎవరి పని అని అడుగుతారు. రిచర్డ్ విలియమ్స్ గీసిన యానిమేషన్ బొమ్మలు, ఆనాటి పత్రికల వ్యంగ్యచిత్రాల తీరులో సింహాలూ ఎలుగుబంట్లతో, జనాన్ని యుద్ధానికి ఉసిగొల్పిన సంబరాన్నే మన ముందు పెట్టి ఆ ప్రశ్నను జనం దాకా తీసుకెళతాయి.

సినిమా సైనికుల్ని అవమానించిందన్న ఆరోపణను మాత్రం నేను అసలు ఒప్పుకోను. మురికివాడల నుంచి వచ్చిన కుర్రాళ్ళను గుర్రమెక్కించే దృశ్యాల్లో, కొరడా దెబ్బల దృశ్యంలో ఉన్నదంతా కరుణే. వాళ్ళను నిజంగా అవమానించిందెవరో తర్వాతి లెక్కలే చెబుతాయి. లూకన్ 1887లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఆ లోయ నుంచి బతికి వచ్చిన రౌతుల్లో దిక్కులేక మిగిలిన వృద్ధుల కోసం 1890లో ఇదే దేశం చందాలు పోగుచేయాల్సి వచ్చింది.